మేతలోని ఖనిజాలు పశువుకు ఒంటబట్టాలంటే ఏం చేయాలి

పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు పాడి రైతులతో మాట్లాడితే ఒక మాట మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది: "మినరల్ మిక్చర్ పెడతానే ఉండాం సార్, మూడుసార్లు సూది వేయించినాం, అయినా చూడి నిలవలేదు." మినరల్ మిక్చర్ అంటే మేతలో కలిపి పెట్టే ఖనిజ లవణ మిశ్రమం, సూది అంటే ఇక్కడ కృత్రిమ గర్భధారణ. మిక్చర్ అసలు పెట్టని వాళ్ళ సంగతి వేరు. పెడుతున్నా ఫలితం కనిపించని వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

పశువు నోట్లో పడిన రాగి, జింకు, సెలీనియం అంతా రక్తంలోకి వెళ్ళదు. పెద్ద ఆవు తిన్న రాగిలో సాధారణంగా నూటికి 1 నుంచి 5 పాళ్ళే ఒంటబడుతుంది. మాంగనీసు అయితే 1 పాలు కూడా కష్టమే. మిగతాది పేడలో పోతుంది. కాబట్టి సంచి మార్చే ముందు, డోసు పెంచే ముందు, ఆ కొద్దిపాటి భాగాన్ని ఏది అడ్డుకుంటోందో చూడండి. ముందు అడ్డం తీయాలి, తర్వాతే పెట్టాలి.

ముందు పొట్ట సంగతి తెలుసుకోండి

మేత మొదట చేరేది పెద్ద పొట్టలోకి. అక్కడ ఆక్సిజన్ దాదాపు ఉండదు. కోట్లకొద్దీ సూక్ష్మజీవులు ఇడ్లీ పిండి పులిసినట్టు మేతను పులియబెడతాయి. మేతలో, నీళ్ళలో ఉన్న గంధకాన్ని అవి సల్ఫైడ్‌గా మారుస్తాయి. సల్ఫైడ్ రాగిని పట్టుకుందంటే అది కరగని పదార్థం అయిపోతుంది. మేతలో మాలిబ్డినం కూడా ఎక్కువుంటే, సల్ఫైడ్‌తో కలిసి థయోమాలిబ్డేట్లు తయారవుతాయి. ఇవి రాగిని ఇంకా గట్టిగా బిగిస్తాయి. ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్ ప్రాంతంలో పచ్చగా కళకళలాడే బీళ్ళలో మేసిన ఆవులు పారుకుంటూ చిక్కిపోయేవి. ఆ గడ్డిలో మాలిబ్డినం ఎక్కువగా ఉందని 1938లో బయటపడింది. మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, కొలిచి ఇస్తే అవి తేరుకున్నాయి. గడ్డి ఎంత పచ్చగా ఉన్నా పశువుకు రాగి కరువు రావచ్చు.

సెలీనియానికీ పెద్ద పొట్టలోనే దెబ్బ. సూక్ష్మజీవులు దాన్ని కరగని రూపంలోకి మార్చేయడంతో గొర్రెకు తిన్నదాంట్లో మూడో వంతు ఒంటబడితే గొప్ప. ఒకే పొట్ట ఉన్న పందికి అదే సెలీనియం నూటికి 80 పాళ్ళకు పైగా ఒంటబడుతుంది. జింకు విషయంలో మాత్రం నెమరు వేసే పశువు అదృష్టం చేసుకుంది. తవుడులో, చెక్కలో ఉండే ఫైటేట్ అనే పదార్థం కోళ్ళలో జింకును బిగించేస్తుంది. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు ఆ ఫైటేట్‌ను విడగొట్టేస్తాయి. అందుకే తవుడు పెట్టడానికి భయపడక్కర్లేదు.

కోబాల్టు కథ వేరే. అది కావాల్సింది నేరుగా ఆవుకు కాదు, పొట్టలోని సూక్ష్మజీవులకు. అవి దాంతో బి12 విటమిన్ తయారుచేస్తాయి, పశువు ఆ విటమిన్‌ను వాడుకుంటుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో మేత పుష్కలంగా ఉన్నా పశువులు ఎండిపోయి చచ్చిపోతుంటే, ఇనుప ఖనిజం పెడితే బాగుపడుతున్నాయని ఇనుము లోపమే అనుకున్నారు. 1935లో అండర్‌వుడ్, ఫిల్మర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ ఖనిజంలోంచి ఇనుము తీసేసి పెట్టినా పశువులు కోలుకోవడం చూశారు. పని చేస్తున్నది అందులో కొద్దిగా కలిసి ఉన్న కోబాల్టు.

పెద్ద పొట్ట దాటాక అసలు జఠరంలో ఆమ్లం ఉంటుంది. కరగాల్సినవి అక్కడ కరిగి, ఎక్కువ భాగం చిన్న పేగులో రక్తంలోకి చేరతాయి. అయోడిన్ ఒక్కటే పెద్ద పొట్ట నుంచే సులువుగా వెళ్ళిపోతుంది.

పాలు తాగే దూడకు పెద్ద పొట్ట ఇంకా పని మొదలుపెట్టదు. అందువల్ల దానికి రాగి నూటికి 70 పాళ్ళకు పైగా ఒంటబడుతుంది. పెద్ద ఆవుకు చాలీచాలని డోసు పాలదూడకు విషం కాగలదు. తల్లి గాటిలో పెట్టిన మిక్చర్ దూడ నాకకుండా చూసుకోండి.

మొదటి పని: పశువు ఏం తింటుందో ఒక నెల రాయండి

నోటుబుక్ తీసుకుని రాయండి. వరిగడ్డి ఎంత, పచ్చగడ్డి ఎంత, దాణా ఎంత, ఎక్కడ మేస్తోంది, ఏ నీళ్ళు తాగుతోంది. లెక్క ఉజ్జాయింపుగా ఉన్నా పరవాలేదు, కానీ రాయడం మానొద్దు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు సగం ప్రశ్నలకు ఆ పుస్తకమే జవాబు చెబుతుంది.

మన దగ్గర దొరికే మేతల గుణం ఇదీ. వరిగడ్డిలో ఇనుము, మాంగనీసుకు కొదవ ఉండదు. నీళ్ళు నిలిచిన మడిలో ఇవి పైరుకు బాగా అందుతాయి. రాగి, జింకు, భాస్వరం మాత్రం తక్కువ. మన దేశపు నేలల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే సూక్ష్మపోషక లోపం జింకుదే. నేలలో లేనిది గడ్డిలోకి ఎక్కడి నుంచి వస్తుంది? చెనిక్కాయ కట్టెలో కాల్షియం బాగుంటుంది, తవుడులో భాస్వరం. అలసంద, పిల్లిపెసర, అవిశ లాంటి పప్పుజాతి మేతల్లో మామూలు గడ్డికన్నా ఖనిజాలు ఎక్కువ. సుబాబుల్ మంచిదే కానీ మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వొద్దు, అందులోని మిమోసిన్ థైరాయిడ్ గ్రంథికి అడ్డుపడుతుంది. లేత జొన్న సొప్ప తిని నాము (అందులోని సైనైడ్ విషం) తగిలితే ఏమవుతుందో అందరికీ తెలుసు. ప్రాణం పోనంత కొద్ది మోతాదులో రోజూ తిన్నా, ఆ విషాన్ని విరిచే క్రమంలో ఒంట్లో తయారయ్యే పదార్థం థైరాయిడ్‌కు అయోడిన్ అందనివ్వదు.

చాలామంది నమ్మని విషయం ఒకటుంది. తాజా పచ్చగడ్డిలోని రాగి కన్నా ఎండుగడ్డిలోని రాగి పశువుకు బాగా ఒంటబడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు బీళ్ళు పచ్చబడ్డాక "ఇప్పుడు మిక్చర్ ఎందుకులే" అని ఆపేస్తారు. ఆపాల్సిన కాలం అది కాదు. అప్పుడు కాస్త ఎండుగడ్డి కూడా కలిపి పెట్టండి.

రెండో పని: అడ్డాలు తీయండి

అన్నిటికన్నా ముఖ్యం ఇదే, అందుకే దీని మీద ఎక్కువసేపు ఉంటాను.

మట్టి. మార్చి నుంచి మే దాకా గుట్టలు, చెరువు పోరంబోకులు బోసిపోతాయి. పశువు మొదళ్ళు కొరుకుతూ గడ్డితో పాటు మట్టి మింగుతుంది. బాగా మేసేసిన బీట్లో తిన్న పొడిమేతలో (తేమ తీసేసిన లెక్కలో) పదో వంతు దాకా మట్టే ఉండొచ్చు. మన ఎర్రమట్టి నిండా ఇనుము. అది పెద్ద పొట్టలో సల్ఫైడ్‌ను పట్టుకుని, ఆమ్లం ఉన్న జఠరంలోకి వెళ్ళాక వదిలేస్తుంది. అలా విడుదలైన సల్ఫైడ్ రాగి మీద పడుతుంది. వేసవిలో బయట మేపు తగ్గించి, వరిగడ్డి, కట్టె గాటిలో వేయండి. నేల మీద పరచొద్దు. ఇనుము టానిక్కులు కూడా ఊరికే పోయకండి. మేసే పెద్ద పశువుకు ఇనుము లోపం దాదాపు రాదు. వచ్చిందంటే రక్తం ఎక్కడో పోతోందని అర్థం.

నీళ్ళు. లోతైన బోరు నీళ్ళలో ఇనుము, సల్ఫేట్లు ఉండొచ్చు. నీళ్ళు పట్టిన బకెట్టు కాసేపటికి ఎర్రబారుతుంటే ఇనుము ఉన్నట్టు. నీళ్ళ పరీక్ష చేయించినప్పుడు సల్ఫేట్ అంకె చూడండి. లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటితే దూడలకు, 1000 దాటితే పెద్దవాటికి మంచిది కాదు. చెరువు నీళ్ళో, నిలవ చేసిన వాన నీళ్ళో కలిపి తాపే వీలుంటే అలా చేయండి.

నట్టలు. గొర్రెలూ మేకల్లో జఠరంలో ఉండే నట్టలు రక్తం పీల్చేస్తాయి. కొన్ని రకాలు జఠరం గోడను దెబ్బతీసి ఆమ్లం తగ్గిస్తాయి. ఆమ్లం తగ్గితే రాగి కరగదు. చెరువు అంచుల్లో, తడి పొలాల్లో నత్తల ద్వారా వచ్చే కార్జపు (కాలేయపు) జలగ మరీ ప్రమాదం. రాగి, బి12 నిలవ ఉండేది కార్జంలోనే, అది దాన్నే తొలిచేస్తుంది. పేడ పరీక్ష చేయించి, ఏ పురుగు ఉందో దానికి తగిన నట్టల మందు వేయించండి. నట్టలు నిండిన పొట్టలో ఎంత మంచి మిక్చర్ పోసినా డబ్బు దండగే.

కాల్షియం సీసాలు. దీని గురించి నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఇల్లు గడవడానికి పాలమ్ముకునే కుటుంబాలు, ఆవు ఈనిందంటే చాలు లీటర్లకు లీటర్ల కాల్షియం టానిక్ కొని తాపుతున్నాయి. ఈనిన తొలిరోజుల్లో ఎక్కువ పాలిచ్చే ఆవుకు డాక్టరు రాస్తే సరే. నెలల తరబడి తాపితే ఆ కాల్షియం జింకు, మాంగనీసు ఒంటబట్టకుండా అడ్డుపడవచ్చు. చెనిక్కాయ కట్టె తింటున్న ఆవుకు కాల్షియం ఎలాగూ అందుతోంది.

జింకు విడిగా ఎక్కువ పెట్టడం కూడా తప్పే. అది పేగు గోడలో ఒక ప్రోటీన్‌ను పెంచుతుంది, ఆ ప్రోటీన్ రాగిని పట్టి లోపలికి పోనివ్వదు. ఖనిజాలు ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. అందుకే అన్నీ కొలత ప్రకారం కలిసి ఉన్న మిశ్రమమే నయం.

మూడో పని: పశువును పగటి వెలుతురులో చూడండి

హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాస్ ఆవు నల్ల వెంట్రుకలు ఎర్రబారి, కళ్ళ చుట్టూ తెల్లటి వలయం కనిపిస్తే రాగి మీద అనుమానం పెట్టుకోండి. ఎండకు కూడా రంగు వెలుస్తుంది, కానీ ఎండ కళ్ళ చుట్టూ గుండ్రంగా గీత గీయదు. పుట్టిన గొర్రెపిల్లలు వెనక కాళ్ళు నిలబెట్టలేక తూలిపడుతుంటే, తల్లి చూడితో ఉన్నప్పుడే రాగి చాలలేదేమో ఆలోచించండి. చర్మం మందమై పొరలు లేస్తూ, గిట్టలు పగిలి, గాయాలు మానకపోతే జింకు. మాయ పడకపోతే, దూడ బిగుసుకుపోయి నిలబడలేకపోతే సెలీనియం, ఇ విటమిన్. మేకపిల్ల గొంతు వాపుతో, వెంట్రుకలు లేకుండా పుడితే అయోడిన్. ఎద బయటికి కనిపించకుండా జారిపోతుంటే మాంగనీసు, రాగి, భాస్వరం, అన్నిటికన్నా ముందు కడుపునిండా మేత. గోడలు నాకడం, గుడ్డలు నమలడం ఎక్కువగా ఉప్పు, భాస్వరం కొరతకు గుర్తు.

ఈ గుర్తులు చూసి మీరే నిర్ణయానికి రావొద్దు. చిక్కిపోవడం, వెంట్రుక చెదరడం నట్టల వల్లా వస్తుంది, ఆకలి వల్లా వస్తుంది. డాక్టరుకు చెప్పడానికి ఇవి ఆధారాలు, అంతవరకే.

నాలుగో పని: సంచి మీద రాసింది చదవండి

ఖనిజ లవణ మిశ్రమానికి మన దేశంలో ఐఎస్ 1664 అనే ప్రమాణం ఉంది. ఆ గుర్తు ఉందా చూడండి. ఉప్పు కలిపిన రకం, కలపని రకం రెండూ దొరుకుతాయి. ఉప్పు మన ఇంట్లో చవకగా ఉంటుంది కాబట్టి కలపని రకం కొనడం లాభం. ఆ ప్రమాణం ప్రకారం ఉప్పు లేని రకంలో నూటికి రాగి 0.10, జింకు 0.80, మాంగనీసు 0.12, కోబాల్టు 0.012, అయోడిన్ 0.026 పాళ్ళు ఉండాలి.

ఇప్పుడు చిన్న లెక్క. రోజుకు 10 కిలోల పొడిమేత తినే ఆవుకు రాగి సుమారు 100 మిల్లీగ్రాములు, జింకు 300 నుంచి 400 దాకా కావాలి. 50 గ్రాముల మిశ్రమంలో రాగి 50 మిల్లీగ్రాములు, జింకు 400 వస్తాయి. అంటే జింకు దాదాపు పూర్తిగా, రాగి సగం. మిగతా సగం మేత ఇవ్వాలి. ఇంట్లో వాడే అయోడిన్ ఉప్పు చాలదా అని అడుగుతారు. కిలోకు 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉన్న ఉప్పు 30 గ్రాములు పెడితే అర మిల్లీగ్రాము కూడా రాదు, ఆవుకు కావాల్సింది 5. మిశ్రమంలో అది సరిపడా ఉంది.

సంచి మీద రాగి ఏ రూపంలో ఉందో రాసి ఉంటే కాపర్ సల్ఫేట్ ఉన్నది తీసుకోండి. కాపర్ ఆక్సైడ్ పొడి సరిగా కరగదు, ఒంటబట్టేది చాలా తక్కువ. మిశ్రమం ఎర్రగా ఉంటే ఇనుము బాగా ఉందని, బలమని అనుకోవద్దు. ఆ రంగు చాలాసార్లు ఐరన్ ఆక్సైడ్‌ది, అది ఒంటబట్టదు. కీలేటెడ్ రకాలు, అంటే ఖనిజాన్ని అమైనో ఆమ్లంతో జతచేసినవి, ఖరీదెక్కువ. నీళ్ళలో, మేతలో అడ్డాలు తీయలేని పరిస్థితి ఉన్నప్పుడు, ఎక్కువ పాలిచ్చే ఆవులకు వాటి మీద డబ్బు పెట్టొచ్చు. ప్రతి పశువుకూ అక్కర్లేదు. కంపెనీ దాణా పెడుతుంటే అందులో ముందే మిశ్రమం కలిసి ఉంటుంది, అది లెక్కలోంచి తీసేయండి.

ఐదో పని: రోజూ, కొద్దిగా, తడి దాణాలో

దూడలకు, మేత తినడం మొదలుపెట్టాక, రోజుకు 20 నుంచి 25 గ్రాములు. పడ్డలకు, వట్టిపోయిన ఆవులకు 50. పాలిచ్చే వాటికి పాలను బట్టి 100 నుంచి 200. వారానికోసారి పిడికెడు వేస్తే పని జరగదు. రాగికి కార్జంలో నిలవ ఉంటుంది కానీ జింకుకు చెప్పుకోదగ్గ నిలవ లేదు, ఏ రోజుది ఆ రోజు అందాలి.

కుడితి తొట్టిలో పోయకండి. పొడి అడుగుకు చేరి అక్కడే ఉండిపోతుంది. గుప్పెడు తవుడో చెక్కో తడిపి, అందులో కలిపి, పశువు ముందు పెట్టి తినేదాకా చూడండి. వాసనకు తినకపోతే మొదటి వారం పావు వంతుతో మొదలుపెట్టి పెంచండి. మందలో బలమైన ఆవు మిగతావాటి వాటా తినేస్తుంది కాబట్టి విడివిడిగా పెట్టాలి. మేపుకే వెళ్ళే పశువులకు సాయంత్రం కొట్టంలో, వాన తగలని చోట, ఖనిజ లవణ ఇటుక వేలాడదీయొచ్చు. ఏది ఎంత నాకిందో తెలియదు కాబట్టి నాకు అది రెండో దారే.

ఏ ఆవునూ వదలొద్దు కానీ, చూడి చివరి మూడు నెలలు మరీ జాగ్రత్త. కడుపులోని దూడ అప్పుడే తన కార్జంలో రాగి నిలవ వేసుకుంటుంది. పాలలో రాగి చాలా తక్కువ కాబట్టి పుట్టాక కొన్ని నెలలు ఆ నిలవ మీదే బతకాలి. మన దగ్గర పాలు ఆగగానే మిక్చర్ కూడా ఆపేస్తారు. సరిగ్గా అప్పుడే దూడ బాకీ తీరకుండా పోతుంది.

గొర్రెలున్నవాళ్ళు ఇది తప్పక చదవండి

ఆవుల మిశ్రమం గొర్రెలకు పెట్టొద్దు. గొర్రె కార్జం రాగిని వదలదు, పేరుస్తూ పోతుంది. దాని మేతలో కిలోకు 15 మిల్లీగ్రాముల రాగి దాటితే ప్రమాదం మొదలవుతుంది. రోజుకు కిలో పొడిమేత తినే గొర్రెకు 10 గ్రాముల ఆవుల మిశ్రమం పెడితే అందులోంచే 10 మిల్లీగ్రాములు. మేతలోది కలిపితే హద్దు దగ్గరికి వచ్చేసినట్టే. బక్రీదుకో జాతరకో దొడ్లో కట్టేసి దాణాతో పెంచే పొట్టేళ్ళకు ఈ ముప్పు ఎక్కువ. వారాలూ నెలలూ ఏమీ కనిపించదు. ఏదో ఒక రోజు ఒత్తిడి తగిలి కార్జం ఆ రాగిని ఒక్కసారిగా వదిలితే, కళ్ళు పచ్చబడి, మూత్రం కాఫీ డికాషన్ రంగులోకి మారి, ఒకటి రెండు రోజుల్లో చనిపోతుంది. గొర్రెలకు రాగి కలపని మిశ్రమం విడిగా అడిగి తీసుకోండి. మేకలు గొర్రెలకన్నా తట్టుకుంటాయి.

చిత్తూరు మామిడి తోటల వాళ్ళకు, వాటిలో గొర్రెలు మేపుకునే వాళ్ళకు ఇంకో మాట. బోర్డో మిశ్రమం, కాపర్ ఆక్సీక్లోరైడ్ లాంటి రాగి మందులు కొట్టిన తోటలో కింది గడ్డి మీద రాగి పడి ఉంటుంది. మందు కొట్టారా లేదా అని తోట యజమానిని అడిగి, మంచి వానలు పడి గడ్డి కొత్తగా వచ్చాకే మందను తోలండి. గిట్టల కోసం మైలుతుత్తం నీళ్ళలో గొర్రెలను నడిపిస్తే, ఆ నీళ్ళు తాగనివ్వకండి.

ఫలితం చూడటం, పరీక్ష చేయించడం

రక్తంలో రాగి మామూలుగా ఉందని రిపోర్టు వస్తే నిశ్చింత పడొద్దు. కార్జంలో నిలవ బాగా కరిగిపోయాకే రక్తంలో అంకె పడిపోతుంది. అందుకే రక్తం ఒక్కటే కాక మేత, నీళ్ళు కూడా పరీక్ష చేయించడం మంచిది. 1955 నుంచి ఉన్న తిరుపతి పశువైద్య కళాశాలలో పశుపోషణ విభాగం ఉంది. మీ పశువైద్యాధికారితో మాట్లాడి మేత నమూనా ఎక్కడికి, ఎలా పంపాలో తెలుసుకోండి. మీ రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికి నోటుబుక్ చూపించండి. కళ్ళు పచ్చబడటం, ఎర్రటి మూత్రం, దూడ లేవలేకపోవడం లాంటివి కనిపిస్తే ఆగకుండా పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. సెలీనియం, రాగి సూదులు మాత్రం డాక్టరు చేతుల మీదుగానే వేయించాలి. సెలీనియంలో అవసరానికీ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ.

మిక్చర్ పెట్టిన వారంలో ఎద వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ముందు ఆకలి, చురుకుదనం మారతాయి. వెంట్రుక రంగు కొత్త వెంట్రుకలతోనే వస్తుంది, పాతవి మారవు. ఎద సంగతి తేలడానికి రెండు మూడు నెలలు, అంటే సుమారు మూడు నాలుగు 21 రోజుల ఎద చక్రాలు, ఆగండి. అప్పటికీ రాకపోతే డోసు పెంచకుండా, పాలకు తగ్గ దాణా పడుతోందా, ఈనాక ఒళ్ళు మరీ తగ్గిపోయిందా చూసి, గర్భసంచి పరీక్ష చేయించండి.